కైజర్ న్యూట్ జత ఇస్తామంటున్నారు, హన్మకొండలో బతుకుతుందా?

వడ్డేపల్లి_వాసు
ఎనిమిదేళ్లుగా చేపలు పెంచుతున్నాను, ఇంట్లో మూడు ట్యాంకులున్నాయి. మొన్న ఒక వాట్సాప్ గ్రూపులో ఈ ఫొటో వచ్చింది. నల్లటి ఒళ్లు, తెల్లటి మచ్చలు, వీపు మీద పొడుగునా నారింజ రంగు గీత, కాళ్లు కూడా నారింజే. అరచేతిలో పట్టేంత ఉంది. పేరు ‘కైజర్ న్యూట్’ అట. అమ్మేవాడు మాత్రం నీటి బల్లి అంటున్నాడు. జతకు నా జీతంలో సగం పైనే చెప్పాడు. ఫారంలో పుట్టినవే, రేపటిలోగా అడ్వాన్స్ వేస్తే బస్సు పార్సిల్‌లో పంపుతానన్నాడు. మా బాబు ఆరో తరగతి. ఫొటో చూసినప్పటి నుంచి అన్నం దగ్గర కూడా అదే ముచ్చట. ఎవరైనా పెంచారా? మన ఎండలకు తట్టుకుంటుందా? ఏసీ గదిలో పెడితే సరిపోతుందా? అతని నంబరు కింద ఇస్తున్నాను, మీరూ కనుక్కోండి.

హంటర్‌రోడ్_అక్వా
రోహిణి కార్తెలో బస్సు డిక్కీలోనా? గప్పీలే బతకవు వాసు అన్నా, ఇక ఇవా!

అడ్మిన్
మొదటి పోస్టులోని ఫోన్ నంబరు తీసేశాను. అడవి జంతువులు అమ్మేవాళ్ల నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. చర్చ మాత్రం సాగనివ్వండి.

జువాలజీ_సారు
అది బల్లి కాదు. బల్లికి పొలుసులుంటాయి, అది పెట్టే గుడ్డుకు పెంకు ఉంటుంది. న్యూట్ చర్మం మెత్తగా, తడిగా ఉంటుంది. గుడ్లు నీళ్లలో పెడుతుంది, పిల్లలు మొప్పలతో పుడతాయి. కప్పకు చుట్టం అనుకోండి, పెద్దయినా తోక ఊడని చుట్టం. మన తెలంగాణలో ఎక్కడా లేదు కాబట్టి ఇన్నేళ్లు పాఠం చెప్పినా పుస్తకంలో బొమ్మ చూపించి ముందుకు పోయేవాణ్ని.

ఫొటోలో ఉన్నది నెయురెర్గస్ కైసెరి, లోరెస్తాన్ న్యూట్. ఇరాన్‌లో జాగ్రోస్ కొండల దక్షిణ భాగంలో, లోరెస్తాన్, ఖుజెస్తాన్ రాష్ట్రాల్లోని కొన్ని వాగులు, ఊటల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా ఉండదు. 1952లో ష్మిట్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. చలి తగ్గి వాగు నిండుగా పారే రోజుల్లో నీళ్లలోకి వచ్చి గుడ్లు పెడుతుంది. ఎండలు ముదిరి వాగు సన్నబడగానే రాళ్ల సందుల్లోకి, మట్టిలోకి దూరి నెలల తరబడి కదలకుండా పడుకుంటుంది. ఆ కొండల వానకూ ఎండకూ తగ్గట్టు దాని బతుకు అట్లా అమరింది. మన ఏసీ గదికి అది తెలియదు.

అందంగా ఉండటమే దాని పాలిట శాపమైంది. ఇంటర్నెట్‌లో బేరాలు మొదలయ్యాక వాగుల నుంచి పట్టుకుపోయారు. ఒక దశలో అడవిలో పెద్దవి వెయ్యి కూడా లేవని అంచనా వేశారు. అడవి జీవులను దేశాల మధ్య అమ్మడం, కొనడం మీద అదుపు పెట్టే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. 2010లో దోహాలో జరిగిన దాని సమావేశంలో ఇరాన్ కోరితే దాన్ని మొదటి అనుబంధంలో చేర్చారు. పులి పేరు కూడా ఆ జాబితాలోనే ఉంది. అడవిలో పట్టినదాన్ని దేశం దాటించి అమ్మడం అప్పటి నుంచి నిషేధం. ఇంటర్నెట్ వ్యాపారం వల్ల ఒక జీవికి ఆ రక్షణ ఇవ్వాల్సి రావడం అప్పుడే మొదలని చెబుతారు.

వడ్డేపల్లి_వాసు
పులి జాబితాలోనా! సార్, నాకు నిజంగా తెలియదు. చేపలాంటిదే అనుకున్నాను.

రంగశాయిపేట_రాజు
సార్ చెప్పిందంతా ఒప్పుకుంటాను, ఒక విషయంలో తప్ప. ఏ జీవికి ఎంత ముప్పుందో జాబితా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2016లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాబితా నుంచి ఒక మెట్టు కాదు, రెండు మెట్లు కిందికి దించింది. ఇప్పుడు అది ‘వల్నరబుల్’, అంటే ముప్పు ఉన్నది, మాత్రమే. పైగా యూరప్‌లో, అమెరికాలో ఇళ్లలో పుట్టినవే బోలెడున్నాయి. ట్యాంకులో పుట్టిన పిల్లను కొంటే ఇరాన్ వాగుకు వచ్చే నష్టమేంటి? పెంచేవాళ్లు ఎక్కువైతే అడవిలో పట్టే అవసరమే తగ్గుతుంది కదా. నేను చాలా రకాల చేపలకు గుడ్లు పెట్టించాను. పెంపకందారులందరినీ దొంగల్లా చూడటం నాకు బాధగా ఉంటుంది.

జువాలజీ_సారు
రాజు, నువ్వు చెప్పిన సంగతి నిజమే. అయితే మెట్లు దిగింది ఎందుకో కూడా చూడు. తర్వాత జరిగిన సర్వేల్లో అంతకుముందు ఎవరూ చూడని వాగుల్లో కూడా ఇవి కనిపించాయి. సంఖ్య పెరిగిందని కాదు, వెతికిన చోట్లు పెరిగాయని. కరువు, ఆనకట్టలు, వాగుల్లో వదిలిన కొత్త చేపలు, దొంగచాటుగా పట్టడం ఇంకా ఆగలేదు. నీ పెంపకం మీద నాకు గౌరవమే ఉంది. కానీ వాట్సాప్‌లో ఫొటో పెట్టినవాడు ట్యాంకులో పుట్టినదాన్నే అమ్ముతున్నాడని నీకు ఎట్లా తెలుస్తుంది?

లష్కర్‌బజార్_వకీలు
రాజు అడిగినదానికి చట్టం వైపు నుంచి జవాబు ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు సైటిస్ జాబితాల్లోని విదేశీ జీవులను నాలుగో షెడ్యూల్‌లోకి తెచ్చారు. అట్లాంటి ప్రాణి బతికున్నది ఇంట్లో ఉంటే రిజిస్టర్ చేయించాలి. 2024 ఫిబ్రవరిలో దానికి నియమాలు వచ్చాయి, పరివేశ్ అనే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్‌లో వివరాలు ఇవ్వాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా చెప్పాలి.

వాసు గారూ, అతన్ని అడగండి. దేశంలోకి ఎట్లా వచ్చింది, దిగుమతి కాగితం ఏది, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంది? ‘ఫారంలో పుట్టింది’ అనే నోటిమాట ఏ అధికారి ముందూ పనికిరాదు. రేపు ఏదైనా జరిగితే అమ్మినవాడు ఫోన్ ఆపేస్తాడు, ట్యాంకు మీ ఇంట్లో ఉంటుంది.

హంటర్‌రోడ్_అక్వా
నా చిన్న షాపుకు కూడా ఇట్లాంటి లిస్టులు ఫోన్‌లో వస్తాయి. నక్షత్ర తాబేలు ‘స్టాక్ ఉంది’ అని పెడతారు. ఒక్కసారి కూడా తీసుకోలేదు. తీసుకోనంటే నువ్వు వ్యాపారానికి పనికిరావు అంటారు.

పాకాల_పిట్ట
నక్షత్ర తాబేలు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన దక్షిణాది చిట్టడవుల్లో తిరిగే ప్రాణి అది. సంచుల్లో కుక్కి విమానాల్లో దాటిస్తుంటే పట్టుబడిన వార్తలు ఎన్ని చదివామో. 2019లో దాన్ని కూడా సైటిస్ మొదటి అనుబంధంలోకి మార్చారు. దాన్ని ఏ దేశంలోనో ఒకాయన ముచ్చటపడి గాజు పెట్టెలో పెట్టుకున్నాడంటే మనకు కడుపు రగులుతుంది కదా. ఇరాన్‌లో ఆ వాగు పక్క ఊరివాళ్లకూ అంతే.

స్వప్న_బార్సిలోనా
మాది కాజీపేట, ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాను. న్యూట్ అనే మాట చూసి ఆగలేకపోయాను, కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

బార్సిలోనాకు దగ్గరలోనే మొంత్సెన్య్ అనే కొండల వరుస ఉంది. అక్కడి ఒర్రెల్లో ఒక న్యూట్ ఉంటుంది, కలోట్రైటన్ ఆర్నోల్డి. వాసు గారి ఫొటోలోదానిలా రంగులేమీ ఉండవు, గోధుమ రంగులో, తడిసిన చెక్కముక్కలా ఉంటుంది. 2005 దాకా దాన్ని వేరే జాతిగా ఎవరూ గుర్తించలేదు. పక్కనే ఉన్న పిరనీస్ పర్వతాల న్యూటే అనుకున్నారు. ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క కొండల్లోనే, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే ఒర్రెల్లోనే ఉంది. పెద్దవి 1500 కూడా ఉండవని అంచనా.

దానికి ఊపిరితిత్తులు లేనట్టే. చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది. ఇక్కడ మీ అందరికీ అక్వేరియం ఉంది కాబట్టి సులువుగా అర్థమవుతుంది. మే నెలలో కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తాయి చూడండి. నీళ్లు వేడెక్కినకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఈ న్యూట్‌కు పంపు లేదు, పైకి వచ్చి పీల్చుకునే ఊపిరితిత్తీ లేదు. అందుకే చల్లటి పారే నీళ్లు కావాలి, 15 డిగ్రీలు దాటితే దానికి కష్టం. ఆ చల్లదనం ఒర్రె మీద కమ్ముకున్న బీచ్ చెట్ల నీడ వల్ల వస్తుంది. పైన చెట్లు కొట్టినా, ఊట దగ్గర పైపు వేసి నీళ్లు తోడినా కింద న్యూట్ పోతుంది.

ఇంకో సంగతి విని నాకు నిద్ర పట్టలేదు. తోర్దెరా అనే నది ఆ కొండల మధ్య నుంచి పోతుంది. నదికి తూర్పున ఉన్నవీ పడమట ఉన్నవీ ఎంతో కాలంగా ఒకదాన్నొకటి కలవలేదు. అందుకే పెంపక కేంద్రంలో రెండు గుంపులనూ కలపకుండా వేరువేరుగా పెంచుతారు. 2007లో టొర్రెఫెర్రూస్సా అనే చోట కొద్ది జతలతో మొదలుపెట్టారు, అక్కడ పుట్టిన పిల్లలను తగిన ఒర్రెలు వెతికి వదులుతున్నారు. నేను కొండల్లో నడకకు వెళ్లాను కానీ న్యూట్‌ను చూడలేదు. ఏ ఒర్రెలో ఉందో బయటికి చెప్పరు. మొదట నాకు కోపం వచ్చింది, ఇంత దూరం వచ్చి చూడకుండా పోవాలా అని. ఇప్పుడు లేదు.

కొత్తవాడ_కవిత
‘తడిసిన చెక్కముక్క’ చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. స్వప్నా, మన వాళ్లు ఎక్కడికి పోయినా ఒర్రె ఒర్రేనన్నమాట!

రంగశాయిపేట_రాజు
చూశారా, అక్కడ పెంచే కాపాడుతున్నారు. నేను చెప్పింది అదే.

స్వప్న_బార్సిలోనా
రాజు అన్నా, అక్కడ ఏ పిల్ల ఏ తల్లిదండ్రులకు పుట్టిందో రాసి ఉంటుంది. వదిలే ముందు రోగ పరీక్షలు చేస్తారు. ఒక్కటి కూడా అమ్మరు. మన ట్యాంకు నుంచి ఏ ప్రాణీ తిరిగి జాగ్రోస్ కొండకు పోదు కదా.

రంగశాయిపేట_రాజు
ఆ తేడా ఒప్పుకుంటున్నాను. కానీ చేతితో పెంచడం తెలిసినవాళ్లు లేకపోతే ఆ కేంద్రాలూ నడవవు. అది మాత్రం వదులుకోను.

జువాలజీ_సారు
వదులుకోవద్దు. నీలాంటివాడు కావాలి.

మత్స్య_మల్లేశ్
మా నాయన చెరువులో వల వేస్తాడు. మీరు పెద్ద చదువుల మాటలు మాట్లాడుతున్నారు, నేను చూసింది చెబుతాను. నాలుగేళ్ల నుంచి మా చెరువులో సక్కర్ ఫిష్ పడుతోంది. అక్వేరియంలో అద్దం నాకే చేప, పెద్దదైందని ఎవరో తెచ్చి వదిలిన పాపం. ఒంటి నిండా ముళ్ల పెంకు, వల చినుగుతుంది, మార్కెట్‌లో ఎవరూ కొనరు. రవ్వ, బొచ్చె తగ్గాయి. మా అమ్మ రాత్రిపూట కూర్చుని వల కుడుతుంది. వాసు అన్న కొనకపోతే మంచిది. కొన్నా సరే, పెంచలేక తీసుకొచ్చి వాగులో మాత్రం వదలొద్దు.

హంటర్‌రోడ్_అక్వా
మల్లేశ్ తమ్మీ, ఇది చదివి సిగ్గేసింది. సక్కర్ ఫిష్ నేను కూడా అమ్మాను. ఎంత పెద్దదవుతుందో చెప్పకుండా అమ్మాను. పెద్దదైతే షాపుకే తెచ్చి ఇవ్వండి అని రేపటి నుంచి బోర్డు పెడతాను.

జంపన్న_కుర్రోడు
అయినా న్యూట్ మన ఎండకు ఎట్లాగూ చస్తుంది కదా, వదిలితే ఏం కొంప మునుగుతుంది?

జువాలజీ_సారు
అది చచ్చినా దాని ఒంటి మీది రోగం చావకపోవచ్చు. నెదర్లాండ్స్‌లో న్యూట్‌కు దగ్గరి చుట్టాలైన పసుపు నలుపు మచ్చల సాలమాండర్లు కొద్ది ఏళ్లలోనే నూటికి నాలుగు మిగిలాయి. చర్మాన్ని తినేసే ఒక ఫంగస్ వల్ల అని 2013లో తేల్చారు. ‘బీసాల్’ అంటారు. ఆసియా నుంచి, పెంపుడు ప్రాణుల వ్యాపారం వెంట యూరప్ చేరిందని శాస్త్రవేత్తల అభిప్రాయం. అది చూసి అమెరికా 2016లో 201 రకాల సాలమాండర్ల దిగుమతి ఆపేసింది.

స్వప్న_బార్సిలోనా
సార్ చెప్పిన ఫంగస్సే 2018లో మొంత్సెన్య్ పక్కనున్న మోంత్‌నెగ్రె కొండల్లో బయటపడింది. పక్క కొండే. అక్కడ కంచెలు కట్టి, నడిచేవాళ్లను బూట్లు కడుక్కోమన్నారు. 1500 ప్రాణులున్న ఒర్రెల్లోకి అది చేరితే ఏమవుతుందో ఊహించండి.

ఆదిలాబాద్_అడవి
ఒర్రె పేరు చెప్పకపోవడం గురించి స్వప్న రాసింది చదివి నా తప్పు గుర్తొచ్చింది. ఏడేళ్ల కింద మా వైపు ఒక గుట్ట మీద ఉడుము కనిపిస్తే ఫొటో, దారి, మ్యాపు అన్నీ ఫేస్‌బుక్‌లో పెట్టాను. లైకులు వచ్చాయి. పది రోజుల్లో వలలు, కుక్కలతో మనుషులూ వచ్చారు. మళ్లీ ఆ గుట్ట మీద నాకు ఉడుము కనిపించలేదు. ఇప్పుడు ఫొటో పెట్టినా ‘ఉత్తర తెలంగాణ’ అని తప్ప రాయను. ఫోన్‌లో లొకేషన్ ఆపి ఫొటో తీయండి, అది కూడా ముఖ్యం.

పాకాల_పిట్ట
మన దేశంలో న్యూట్ అసలే లేదనుకోకండి. డార్జిలింగ్ వైపు హిమాలయాల్లో, ఈశాన్యంలో ఉంది. టైలోటోట్రైటన్, వీపు మీద మొసలిలా బుడిపెల వరుసలుంటాయి. అది ఒర్రెది కాదు, నిలవ నీళ్ల కుంటల్లో ఉంటుంది. సుఖియాపోఖ్రి దగ్గర జోర్‌పోఖ్రిలో 1985 నుంచి దాని కోసమే ఒక చిన్న అభయారణ్యం ఉంది. మన పాకాల అడవిలో ఒక మూలకు కూడా సరిపోదు, అంత చిన్నది. ఒక్క ప్రాణి కోసం ఒక కుంట కాపాడితే చాలని ఎవరికో తోచింది చూడండి, నాకు అది చాలా గొప్పగా అనిపిస్తుంది.

జంపన్న_కుర్రోడు
ఇరాన్, స్పెయిన్, డార్జిలింగ్ అయ్యాయి. మన దగ్గర ఏముంది? మన కప్పల గురించి ఎవరూ ఏడవరు కదా.

నర్సంపేట_నాగమణి
నేను ఏడుస్తాను తమ్ముడూ. మా చిన్నప్పుడు వానలు పడకపోతే కప్పతల్లి ఆడేవాళ్లం. రోకలికి వేపమండలు చుట్టి, బట్టలో కప్పను కట్టి, పిల్లలమంతా ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ప్రతి ఇంటి అమ్మా బిందెడు నీళ్లు కుమ్మరించేది. కరువు రోజుల్లో బిందెడు నీళ్లంటే చిన్న విషయం కాదు. అయిపోయాక మా నానమ్మ దగ్గరుండి ఆ కప్పను పట్టిన కుంటలోనే వదిలించేది, పక్క కుంటలో వదలనిచ్చేది కాదు. ‘దాని ఇల్లు దానికి తెలుసు’ అనేది. స్వప్న చెప్పిన తూర్పు పడమర సంగతి చదివితే నానమ్మే గుర్తొచ్చింది.

ఇప్పుడు మా పొలం దగ్గర ఆ కుంట సగం పూడ్చారు. ఒకప్పుడు మొదటి వానకు పసుపు రంగు బోదురు కప్పలు గట్టు నిండా ఉండేవి, గొంతు కింద నీలం సంచులు ఉబ్బించి అరిచేవి. పోయినేడు లెక్కపెడితే పదకొండు.

జువాలజీ_సారు
నాగమణి గారూ, ఈ విషయంలో నా వంతు కూడా ఉంది. ల్యాబుల్లో కోయడానికి గంపలకొద్దీ కప్పలు వచ్చేవి. ఊరి పిల్లలే పట్టి తెచ్చేవాళ్లు. ఒక్కో బ్యాచ్‌కు ఎన్ని పోయాయో నేను లెక్క రాయలేదు. ఇంకోవైపు కాళ్ల కోసం విదేశాలకు ఎగుమతి. 1987లో కేంద్రం ఆ ఎగుమతి ఆపింది. పంటను తినే పురుగులను కప్పలు తింటాయని మేము పాఠంలో చెబుతూనే చేతిలో కత్తి పట్టుకున్నాం.

కొత్తవాడ_కవిత
సార్, మీ దగ్గర చదివినవాళ్లే కదా ఇప్పుడు అడవుల్లో తిరుగుతున్నది. ఒక పని చేద్దాం, న్యూట్‌కు తెలుగులో పేరు పెట్టండి. నీటి బల్లి తప్పన్నారు కదా.

మత్స్య_మల్లేశ్
తోకకప్ప.

పాకాల_పిట్ట
బాగుంది. వాగులో ఉండేదానికి ‘ఒర్రె తోకకప్ప’, డార్జిలింగ్‌దానికి ‘కుంట తోకకప్ప’.

జువాలజీ_సారు
ఇన్నేళ్లు నాకు తట్టలేదు. మల్లేశ్ ఒక్క మాటలో చెప్పేశాడు. ఖాయం చేసుకోండి.

వడ్డేపల్లి_వాసు
రెండు రోజులు రాలేదు, క్షమించండి. వకీలు గారు చెప్పినట్టు కాగితాలు అడిగాను. ముందు ‘అన్నీ ఉన్నాయి’ అన్నాడు, ఫొటో పంపమంటే ‘నీకు ఇష్టముంటే తీసుకో’ అన్నాడు, మూడోసారి అడిగితే బ్లాక్ చేశాడు. ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను. స్క్రీన్‌షాట్లు ఉన్నాయి.

లష్కర్‌బజార్_వకీలు
స్క్రీన్‌షాట్లు తుడిచేయొద్దు. నాకు పంపండి, అటవీ శాఖకు ఫిర్యాదు రాసిస్తాను. మీ పేరు బయటికి రాకుండా చూద్దాం.

వడ్డేపల్లి_వాసు
పంపాను. బాబుకు చెప్పడమే కష్టమైంది. స్వప్న గారి పోస్టు చదివి వినిపించాను. ఊపిరితిత్తులు లేని దగ్గర ఆపి, ‘మరి మనింట్లో కరెంటు పోతే?’ అని వాడే అడిగాడు. నేనింకేం చెప్పలేదు. తర్వాత నాగమణి గారిది చదివాను. ఇప్పుడు బోదురు కప్పను చూపించమని పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి వాడు పసుపు కప్పను చూడలేదు.

నర్సంపేట_నాగమణి
తీసుకురండి. మిరుగు దాటాక మొదటి గట్టి వాన పడిన రాత్రి ఫోన్ చేస్తాను. మా పొలమే, ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. మిగిలిన సగం కుంట చుట్టూ ఈసారి దున్నొద్దని మా ఆయనకు చెప్పాను. నాలుగు మూరలు వదిలేస్తానని ఒప్పుకున్నాడు.

రంగశాయిపేట_రాజు
నేనూ వస్తాను. గుడ్లు, తోకపిల్లలు కనిపిస్తే నీళ్ల వేడి కొలిచి రాసుకుందాం, థర్మామీటర్ నా దగ్గరుంది. ప్రతి ఏడూ అదే రాత్రి లెక్కపెడితే పదకొండు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలుస్తుంది.

జువాలజీ_సారు
రాజు, నోటుబుక్కు నేను తెస్తాను. అందరూ ఒక్కటి గుర్తుంచుకోండి. చేతులకు దోమల మందు రాసుకుని కప్పలను ముట్టొద్దు, వాటి చర్మం అన్నీ పీల్చుకుంటుంది. వేరే చెరువులో తిరిగిన చెప్పులుంటే బురద కడిగి, ఎండబెట్టి వేసుకురండి.

మత్స్య_మల్లేశ్
నేను వల తేను, ఉత్త చేతులతో వస్తా. టార్చ్‌కు ఎర్ర కాగితం కట్టుకోండి, తెల్ల లైటు పడితే అరుపు ఆపేస్తాయి.

నర్సంపేట_నాగమణి
బాబుకు రబ్బరు బూట్లు ఉన్నాయా వాసు గారూ? లేకపోతే మా వాడివి పాతవి ఉన్నాయి, సైజు చెప్పండి.